పెద్దమ్మ నోరు

మా పెద్దమ్మ నోరంటే మా పేటంతటికీ హడల్. ఆవిడ తిట్లలో పెద్ద వాటా పెదనాన్నది. అదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆయన నవ్వేసి వల భుజాన వేసుకునేవాడు.

ఆ పొద్దున మాత్రం ఆవిడ తిట్టలేదు. "కొండమీద మబ్బు కూర్చుంది. చెరువులోకి దిగకు" అంది. నిన్న వేసిన వల తీయాలని ఆయన వినకుండా పడవెక్కాడు. "అయితే నీతో నాకు మాటల్లేవు, పో!" అని గట్టున చతికిలబడి చిరిగిన వలకు ముడులు వేయసాగింది. నేను దారం అందిస్తున్నాను.

మాది కొండల మధ్య చిన్న చెరువు. చూస్తుండగానే పొగమంచు దిగి పడవ కనబడకుండా పోయింది. అలాంటప్పుడు గట్టునున్నవాళ్లు రేకు డబ్బా వాయించాలి, ఆ చప్పుడు పట్టుకుని పడవ వస్తుంది. ఒక్కచోటి నుంచే వాయించాలన్నది మా కట్టుబాటు. అవతలి మూల నీళ్లు బండలమీదుగా లోయలోకి దూకుతాయి. మంచులో ఆ హోరు ఎటునుంచో పోల్చుకోలేం.

పెద్దమ్మ డబ్బా అందుకుంది. తెడ్డు చప్పుడు మావైపే వస్తోంది. అంతలో ఆ బండల దగ్గర ఇంకో డబ్బా మోగింది.

మా చిన్నాన్న! అక్కడ గాలం వేసుకుంటున్న మహానుభావుడు అన్నకు సాయం చేద్దామనుకున్నాడు. ఆపమని అరిచాను. తన మోతలో ఆయనకేం వినబడుతుంది? తెడ్డు చప్పుడు ఆగింది. తర్వాత అటు తిరిగింది.

"పెద్దమ్మా, ఇంకా గట్టిగా కొట్టు!" అన్నాను.

"నేను కొడితే వాడూ కొడతాడే. ఏది ఎవరిదో ఆయనకెలా తెలుస్తుంది?"

డబ్బా విసిరేసి, మోకాలిలోతు నీళ్లలోకి దిగి నోరు తెరిచింది.

"ఓరి సన్నాసీ! నీ చెవుల్లో సీసం పోశారా? ఇటు తగలడు! నిన్ను కట్టుకున్నరోజు నా కళ్లేమైపోయాయో!"

గొంతు బొంగురుపోయింది, కన్నీళ్లు కారుతున్నాయి, తిట్లు మాత్రం ఆగలేదు. పోయిన అత్తగారినీ వదల్లేదు. తెడ్డు మళ్లీ కదిలింది. ఎటో తెలియలేదు.

మంచులోంచి పడవ ముక్కు మావైపు వచ్చింది.

"రెండు డబ్బాలు వినేసరికి నా పని అయిపోయిందనుకున్నా" అన్నాడు పెదనాన్న దిగుతూ. "నీ తిట్లు వినబడ్డాకే ప్రాణం లేచొచ్చింది."

ఆవిడ పడవ తాడు చేతికి చుట్టుకుని నిలబడిపోయింది.

"ఇంకో నాలుగు తిట్టవే" అన్నాడాయన, మెల్లగా.

ఆవిడ తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.