అమ్మ పొయ్యి ప్లగ్గు

మొన్న పటమటలో మా ఫ్లాట్‌లో ఇస్త్రీ ముగించి ప్లగ్గు పీకబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. మాడిన వాసన సన్నగా ముక్కుకి తగిలింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేసి కూర్చున్నానేగాని, మనసు మాత్రం డెబ్బైల నాటి ఓ ముసురులోకి, ఇదే పటమటలో మేం అద్దెకున్న పెంకుటింట్లోకి జారుకుంది.

అమ్మకి ఉబ్బసం. చర్చి క్వయర్‌లో ముందు నిలబడి పాడిన మనిషి, కట్టెపొయ్యి పొగకి గొంతు పోగొట్టుకుని వెనక బెంచీకి చేరింది. చూడలేక నాన్న కరెంటు పొయ్యి కొనుక్కొచ్చారు. మట్టిబిళ్లలో చుట్టలు తిరిగిన తీగ సాయంత్రం వేళ మెల్లమెల్లగా ఎర్రబడేది. బయట వాన, లోపల అమ్మ కూనిరాగం. నాకైతే వంటిల్లు కాలవలో తేలిపోతున్న పడవలా ఉండేది. వంటింటి గోడకున్నది ఎప్పుడో రేడియో కోసం పెట్టించిన చిన్న ప్లగ్గు. పొయ్యినీ దానికే తగిలించారు. కరెంటు వస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకునే రోజులవి.

ఓ రోజు ఆ ప్లగ్గు బోర్డు మీద అగ్గిపెట్టె చూసి నాన్న కొయ్యబారిపోయారు. పెట్టింది నాయనమ్మ.

"ఇక్కడ పెట్టావేంటమ్మా?"

"ముసురుకి పుల్లలు మెత్తబడి చస్తున్నయ్యిరా. ఇక్కడైతే వెచ్చగా ఉంటయ్యని పెట్టా."

"బోర్డు వేడెక్కుతోందని మరి చెప్పొద్దా?"

"కరెంటన్నాక వెచ్చగా ఉండదేంట్రా!"

నాన్న మెయిన్ ఆపి చూస్తే ప్లగ్గు చుట్టూ చెక్క నల్లబడి ఉంది. బాగయ్యేదాకా ఆ పొయ్యి ముట్టుకోవద్దన్నారు. అమ్మ మళ్లీ కట్టెలు ఎగదోసింది. ఆ పూటకే దగ్గు అందుకుంది. కరెంటు మీద వండిన అన్నానికి రుచేముంటుందని అన్నాళ్లూ సణిగిన నాయనమ్మ, ఆ దగ్గు విని కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి గొడుగేసుకుని వానలో వెళ్లి ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొచ్చింది.

"మా కోడలి పాట లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు నాయనా, ముందా సంగతి చూడు" అంది.

అతను బోర్డు విప్పాడు. లోపల మర వదులైంది, సన్నటి వైరు తొడుగు మాడి పెళుసెక్కింది. పొయ్యి లాగే కరెంటుకి ఈ చిన్న ప్లగ్గు చాలదని, మీటరు దగ్గర్నుంచి లావు వైరు లాగి పెద్ద ప్లగ్గు బిగించాడు. కాసేపు పొయ్యి వెలిగించి, ఆపి, నాన్న కొత్త ప్లగ్గుని భయంభయంగా తాకి చూశారు. చల్లగా ఉంది.

అమ్మ ఎసరు పెట్టి, ఊపిరి కూడదీసుకుని పాట ఎత్తుకుంది. ఎక్కడా తెగకుండా చివరికంటా పాడింది. నాయనమ్మ చేటలో బియ్యం వదిలేసి వింటూ కళ్లు తుడుచుకుంది. ఆకలి మీదున్న నేను మాత్రం ఆ పాట ఎప్పుడవుతుందా, అన్నం ఎప్పుడు పెడుతుందా అని చూశాను. చిన్నప్పుడు కాలం ఎంతకీ కదలదు. కదిలాక ఎంత పిలిచినా ఆగదు.