ఫెబా పెట్టిన టీ

ఇషాక్ నోరు పెద్దది. ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టున కూలీలు తలెత్తుతారు. ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరపతోటలకి కూలికి మందు కొట్టడం అతని పని. పంపు వీపుకి తగిలించుకుని పదకొండేళ్లుగా అదే బతుకు. మోటారు చప్పుడులో మాట వినపడాలంటే అరవాల్సిందే కదా, తప్పేముంది? ఆ అరుపు సాయంత్రం అతనితోపాటు ఇంటికి కూడా వచ్చేది. అక్కడే వచ్చింది చిక్కు. తండ్రి ఒక్క కేక వేస్తే ఐదేళ్ల ఫెబా నోటికి తాళం పడిపోయేది. క్రిస్మస్‌కి ముందు వాళ్లమ్మ ఫోను పగిలితే, పగలగొట్టిందెవరని ఇల్లు ఎగిరిపోయేలా అడిగాడు. రెండు రోజులపాటు పిల్ల ఉలకలేదు, పలకలేదు. ఎవరు పగలగొట్టారో ఈనాటికీ తెలియదు.

ఆ ఇంట్లో ఆటలు తల్లి వంతు. రెబ్కా కూర తరుగుతూనే కూతురి బొమ్మరింటికి చుట్టంగా వెళ్లేది. ఖాళీ చిప్పలో వేలు ముంచి నాకి, "ఉప్పు తక్కువైందే వదినా" అనేది. "నీకూ దానికీ వయసులో తేడా లేదే" అని ఇషాక్ ఎగతాళి చేసేవాడు.

ఒక రెండో శనివారం ఫెబాకి బడి లేదు. రెబ్కా తెల్లారకముందే మిరపకోతకి పోయింది. పొద్దున్నే ఒక తోటలో తామరపురుగు మందు కొట్టి, ఇషాక్ పదింటికల్లా ఇల్లు చేరి, పిల్లల్ని చూస్తున్న పక్కింటావిడని పంపించేశాడు. మిగిలిన మందు చిన్న కూల్‌డ్రింకు సీసాలో ఉంది. పెద్ద డబ్బా మొయ్యలేక, కావలసినంత ఇలాంటి సీసాలో వంపుకుని తిరగడం అక్కడ అందరికీ అలవాటే. రోజూ ఆ సీసా ఉన్న సంచిని దూలానికి తగిలిస్తాడు. ఆరోజు ఒంటిమీద మంట ఓర్చుకోలేక, సంచి వరండాలో పడేసి దొడ్లోకి నీళ్లు పోసుకోవడానికి పోయాడు. పావుగంట పట్టింది, అంతే.

లుంగీ కట్టుకుని తిరిగొచ్చేసరికి వరండాలో గుజ్జనగూళ్ల సంసారం జోరుగా సాగుతోంది. మూడు రాళ్ల పొయ్యి, దాని మీద కొబ్బరిచిప్ప, చిప్పలో పాలలాగా తెల్లగా ఏదో. పక్కన మూత తీసిన కూల్‌డ్రింకు సీసా. ఆ మందు నీళ్లలో పడితే పాలలాగే తెల్లబడుతుందని ఇషాక్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. పొయ్యికి ఇవతల ఫెబా తమ్ముడు, రెండున్నరేళ్ల బెన్నీ కూర్చుని ఉన్నాడు. వాడి మూతి తడిగా ఉంది. చొక్కా ముందంతా తడిసిపోయి ఉంది.

కేక గొంతుదాకా వచ్చి ఆగింది. అరిస్తే ఫెబా బిగుసుకుపోతుంది. ఎవరు తాగారో, ఎంత తాగారో తెలిసినది ఆ పిల్ల ఒక్కతే. పోయినేడు తనతోపాటు మందు కొట్టే ఏసుబాబు చేలో పడిపోతే, ఆస్పత్రిలో మొదట అడిగిన మాట అదే: ఏ మందు, లోపలికి ఎంత పోయింది? ఇప్పుడు చెప్పడానికి ఇంకెవరున్నారు? "ప్రభువా, నా నోరు కట్టెయ్" అనుకున్నాడు ఇషాక్. అలాంటి ప్రార్థన చెయ్యడం అతనికి అదే మొదటిసారి.

"ఏం చెల్లెమ్మా, ఇంట్లో ఉన్నారా?" అన్నాడు.

ఫెబా తలెత్తి నమ్మలేనట్టు చూసింది. అంతలోనే లేని పైట సర్దుకుని, "రా అన్నయ్యా, కూర్చో. ఎండన పడొచ్చావు" అంది.

అతను పొయ్యికీ బెన్నీకీ మధ్య కూర్చుని వాణ్ని ఒళ్లోకి లాక్కున్నాడు. సీసాని వెనక్కి జరిపాడు. వాడి మూతి వాసన చూశాడు. వరండా అంతా మందు కంపే, ఏం తెలుస్తుంది? చొంగ కారుతోంది. దవడపళ్లొస్తున్నాయని వారంనుంచీ కారుతూనే ఉంది. ఏసుబాబుకీ ఆరోజు అలాగే కారింది.

"టీ తాగన్నయ్యా, వేడిగా ఉంది" అంటూ ఫెబా చిప్పలోది స్టీలు గ్లాసులో వంచి అందించింది. పుచ్చుకోకపోతే ఆట చెడుతుంది. పుచ్చుకుని, పెదవికి తగలకుండా ఎత్తిపట్టి, జుర్రిన చప్పుడు చేశాడు. పిల్ల చిప్పవైపు తిరగగానే గ్లాసు వెనకాల పెట్టేశాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. పిల్లోడికి కూడా పోశావా?"

ఫెబా ఆలోచించింది.

"పోశాను."

ఇషాక్ ఒళ్లోని బెన్నీని గట్టిగా హత్తుకున్నాడు. అయినా గొంతు పెరగనివ్వలేదు. "ఏం పోశావు తల్లీ?"

"బిందెలో నీళ్లు. ఏడుస్తున్నాడని పోశా. పాలు అప్పటికింకా కాగలేదుగా! పచ్చిపాలు పిల్లలకి పోస్తారా ఏంది? కాగాలి, చల్లారాలి. లేకపోతే అమ్మ ఆటలో కూడా ఊరుకోదు."

"మరి నువ్వు తాగావా?"

"చుట్టాలకి పెట్టకుండా నేనెట్టా తాగుతాను?" అంది ఫెబా, ఇంత బుద్ధిలేని మనిషిని ఎక్కడా చూడలేదన్నట్టు.

నమ్మాడు. కానీ ఐదేళ్ల పిల్ల మాట మీద ప్రాణాలు పెట్టి కూర్చోలేడు కదా. చుట్టరికం సాగిస్తూనే, "మా ఊరు పోదాం రండి, చేతులు కడుక్కోండి" అని ఇద్దరికీ మోచేతులదాకా, మూతికి కూడా సబ్బు రుద్ది బట్టలు మార్చాడు. సీసాకి మూత బిగించి కవర్లో కట్టాడు. పక్కింటి జక్రయ్య బండి తీశాడు. వెనకాల ఇద్దరినీ పట్టుకుని కూర్చున్న ఇషాక్, దారి పొడుగునా బెన్నీ చొంగ తుడుస్తూ, వాడు కునుకు తీస్తే బుగ్గ గిల్లుతూ పోయాడు.

ప్రత్తిపాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇద్దరి కళ్లల్లోకీ టార్చి వేసి చూసింది. గుండె, ఊపిరి పరీక్షించింది. "లోపలికి పోయిన లక్షణాలు లేవు. అయినా సాయంత్రందాకా ఇక్కడే ఉండాలి" అంది. తర్వాత సీసా ఎత్తి చూపించి ఇషాక్‌ని కడిగి పారేసింది. "తాగే సీసాలో విషం పోస్తారా ఎవరైనా? ఒక్క గుక్క లోపలికి పోయుంటే మనిషి దక్కేవాడు కాదు, తెలుసా?"

"తప్పు నాదేనండి" అన్నాడు ఇషాక్ తలొంచుకుని.

బల్లమీద కూర్చున్న ఫెబా ఆ మాటలన్నీ వింది. సీసా వంక చూసింది, తండ్రి వంక చూసింది. ఒక్క దూకు దూకి అతని మీద పడి, రెండు చేతులతో దవడలు పట్టుకుని లాగింది.

"ఊసెయ్ నాన్నా! ఊసెయ్! నువ్వు తాగావుగా! బాగుందన్నావుగా!"

ఆ అరుపుకి వరసలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. తండ్రి కేకేస్తే నోరు మూసుకునే పిల్ల అచ్చం తండ్రి గొంతుతో అరుస్తోంది.

"తాగలేదమ్మా, ఉత్తుత్తికే అన్నాను" అన్నాడు ఇషాక్. ఫెబా నమ్మలేదు. అతను నేలమీద కూర్చుని నోరు బార్లా తెరిచాడు. పిల్ల వేలు పెట్టి బుగ్గలు, నాలిక కింద, అన్నీ వెతికింది. వెతికి, ఏడుస్తూనే డాక్టరమ్మ కోటు పట్టుకుంది.

"మా నాన్నక్కూడా లైటేసి చూడండి."

డాక్టరమ్మ నవ్వలేదు. టార్చి తీసుకుని అతని ముందు వంగింది. ఇషాక్ కళ్లనిండా నీళ్లుండటంతో గుడ్లు సరిగ్గా కనిపించలేదు. తుడుచుకోమని అతనికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.