పడనివాళ్ళే చదవాలన్న సారు

తెల్లవారుజామున పాశురం సగంలో ఉండగా ఫోన్ మోగింది. చూస్తే సారు నంబరు. ధనుర్మాసంలో ఆ వేళకు ఫోన్ చేయొద్దని ఆయనకు ఎన్నేళ్ళుగా చెబుతున్నానో లెక్కలేదు. కుర్చీల గురించో మైకు గురించో అయివుంటుందని విసుక్కుంటూనే ఎత్తాను. అవతల సారు భార్య.

“అమ్మణ్ణీ, సారు పోయినారు. పొద్దన్నే లేసి, మైకాయనకు ఫోన్ చేయల్ల, ముందు కాఫీ ఇయ్యి అన్నారు. కలుపుకోని వచ్చేలోగా కుర్చీలోనే...” అన్నారు.

మిగిలిన పాశురం పూర్తి చేశాను. తర్వాతే ఏడ్చాను. వారంలో నగరిలో మా పరిషత్తు వార్షిక సభ. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. ఆ మైకాయన ఎవరో, ఏ ఊరివాడో సారుకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలంటారు. నాకు ఇంకా చేతకావడం లేదు. ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల చరిత్ర, సాహిత్యం, శాసనాలు చదువుకునేవాళ్ళ సంఘం మాది. కాలేజీ అధ్యాపకులు, బడి పంతుళ్ళు, ప్లీడర్లు, గుడి ఉద్యోగులు ఉంటారు. ఏడాదికొకసారి ఏదో ఒక ఊళ్ళో చేరి పత్రాలు చదువుతాం. చివర సర్వసభ్య సమావేశం పెట్టుకుంటాం. తిరుపతిలో చరిత్ర చెప్పి రిటైరైన సారు దానికి కార్యదర్శి. నేను సహాయ కార్యదర్శిని. ఇంట్లో పెద్దదాన్ని. చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు, ఇక కాస్త ఊపిరి పీల్చుకుందాం అనుకున్నప్పుడు ఆయన కంటబడ్డాను. అక్కడా అందరికీ అక్కయ్యనే అయ్యాను.

సభను ధనుర్మాసంలో పెట్టొద్దని ప్రతి ఏడూ వేడుకునేదాన్ని.

“ఎండాకాలంలో పెడితే నిద్దర పోతారమ్మా. వానాకాలంలో రారు. చలికాలంలో అయితే వొణికేదానికైనా మేలుకోనుంటారు” అనేవారు.

“నా పూజ సంగతేంది సార్?”

“దేవుడు నీ ఇంట్లోనే ఉంటాడు గదమ్మా. శాసనాలాయన కుప్పం నుంచి రావల్ల.”

ఇదీ వరస. దేనికీ ఎదురుచెప్పరు. ఏదీ వినరు.

ఆహ్వాన పత్రిక మా ప్రాణం తీసేది. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక అన్నది తేలేసరికి అచ్చు వేసే అతను ఫోన్ ఎత్తడం మానేసేవాడు. అంతా అయ్యాక ఒకరి పేరు మరిచిపోయి ఉంటాం. అప్పుడు సారు సంచి తగిలించుకుని బయలుదేరేవారు. “పేరు మర్చిపోయినామని ఫోన్‌లో చెప్తే అది క్షమాపణ కాదు, సమాచారం. ఇంటికి పోవల్ల” అనేవారు. నన్నూ తీసుకుపోయేవారు. ఒకసారి శ్రీకాళహస్తిలో ఒక పెద్ద పండితుడు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, తీరిగ్గా స్నానం, పూజ ముగించుకుని వచ్చి, దోసెలు పెట్టించి మరీ తిట్టారు. సారు చట్నీ ఇంకొంచెం వేయించుకుని, “మీరు చెప్పింది న్యాయమే సామీ. వచ్చే ఏడు మీ పేరే మొదట” అన్నారు.

బస్సులో అడిగాను. “ఇదే మాట మదనపల్లె ఆయనకూ ఇచ్చినారు కదా సార్?”

“ఇచ్చినా.”

“పుత్తూరు ఆవిడకు?”

“ఆమెక్కూడా ఇచ్చినట్టుండాది.”

మరుసటి ఏడు ఆహ్వాన పత్రిక మీద ఒక్క పేరూ లేదు. ఊరు, రోజు, విషయాలు, ‘అందరూ రండి’. అంతే. అప్పటిదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్ళు కూడా ఒక్కటై వచ్చి సారును తిట్టారు. ఆయన సంతోషంగా విన్నారు. ఆ ఏడు ఒక్క కుర్చీ ఖాళీ లేదు.

సభలో ఆయన గంట కొట్టేవారు కాదు. పత్రం చదివేవారి సమయం దాటితే ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి వాళ్ళ ముందు పెట్టేవారు. ఇంకా ఆపకపోతే ఇంకో గ్లాసు. ఒకాయన ముందు బల్ల మీద చోటు చాలక కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చదివాడు గానీ ఆపలేదు. గ్లాసులు కడిగి అందించింది నేను.

అన్నిటికన్నా నన్ను విసిగించిన పద్ధతి ఇంకొకటుంది. పత్రం పంపి మనిషి రాకపోతే మిగతా సంఘాల్లో ఆ పేరు కొట్టేసి ముందుకు పోతారు. సారు కొట్టనిచ్చేవారు కాదు. ఆ పత్రాన్ని ఎవరో ఒకరు చదవాలి. ఆ ఎవరో ఒకరు కూడా రాసినవారితో అసలు పడనివాళ్ళై ఉండాలి. నవ్వకూడదు, వెటకారంగా గొంతు మార్చకూడదు. చదివాక ప్రశ్నలు అడిగితే రాసిన మనిషి తరఫునే జవాబు చెప్పాలి.

పోరులో పడ్డ వీరుడికి నిలిపిన ఒక వీరగల్లు కాలం గురించి చిత్తూరు ప్లీడరు గారికీ తిరుపతి ప్రొఫెసరు గారికీ ఎంతోకాలంగా తగువు. ఇద్దరూ ఒకరి నమస్కారం ఒకరు తీసుకోరు. ఒక ఏడు ప్రొఫెసరు గారికి జ్వరమొచ్చి రాలేదు. సారు ఆ పత్రం తీసుకెళ్ళి ప్లీడరు గారి చేతిలో పెట్టారు.

“నేనా? ఆయన రాసిందానికి నేనా నోరు పెట్టేది?”

“ఆయన తప్పులు నీకంటే బాగా ఎవురికి తెలుసప్పా? సదువు.”

ప్లీడరు గారు వేపాకు నమిలినట్టు ముఖం పెట్టి చదివారు. తర్వాత వెనక వరసలో ఎవరో లేచి, ఈ పత్రంలో పస లేదన్నారు. ప్లీడరు గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. “పస లేదా? మూడో పేజీ మళ్ళా సదవమంటావా? ఆ అచ్చరాల వాటం నువ్వు కండ్లతో సూసినావా?” అని పది నిమిషాలు ప్రొఫెసరు గారి తరఫున వాదించి, కూర్చున్నాక తలపట్టుకున్నారు. సారు ఆయన ముందు ఒక గ్లాసు నీళ్ళు పెట్టారు.

అయినా సమయం వృథా అని నేను గొణిగేదాన్ని. రానివాళ్ళ కోసం వచ్చినవాళ్ళ భోజనం ఆలస్యం చేయడం ఏం పద్ధతి? సారు ఒకసారి మాత్రం జవాబిచ్చారు. “మాట్లాడేదానికి అందరికీ నోరుండాదమ్మా. ఇంకొకరి మాట నోట్లో పెట్టుకుంటే గానీ దాని రుచి తెలీదు.”

జిల్లా రెండైనప్పటి నుంచి ప్లీడరు గారు సంఘాన్నీ రెండు చేయాలని పట్టుబట్టారు. చిత్తూరుకొకటి, తిరుపతికొకటి. “జిల్లా గవర్నమెంటుది, సంఘం మనది” అని సారు ఏటా దాటవేస్తూ వచ్చారు. రెండైతే రెండూ నిలవవని ఆయన భయం. నా భయమూ అదే. ఉన్నదే పిడికెడు మంది. ఈసారి ప్లీడరు గారు వదల్లేదు. నగరి సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టి ఓటు వేయించాల్సిందేనని రాసి పంపారు. సారు సరే అన్నారు. సరే అని, వారం ముందు వెళ్ళిపోయారు.

దహనానికి ప్లీడరు గారు వచ్చారు. అందరికన్నా గట్టిగా ఏడ్చారు. సభ వాయిదా వేద్దామా అని కొందరన్నారు. సారు భార్య గుమ్మంలోనే నిలబడి, “ఆయన పోతే సభ ఎందుకు పోవల్ల? నాయనా, మైకు మాత్రం సూసుకోండి” అన్నారు.

సభ నాటి పొద్దున ప్లీడరు గారి నుంచి ఫోన్.

“అక్కా, నేను రాలేను. సారు లేని సభలో ఆ తీర్మానం నా నోటితో సదవలేను.”

“అయితే వెనక్కి తీసుకోండి.”

“తీసుకోను. అది న్యాయమే గదా.”

ఇలాంటి మనుషుల మధ్య ఆయన ఇన్నేళ్ళు ఎలా బతికారా అనుకున్నాను. ఆయనా అలాంటి మనిషే గనక.

నగరిలో సభకు చోటు చూపింది అక్కడి టీచరమ్మ. నేతపనివాళ్ళ ఇంటి ఆడపడుచు. పక్క వీధిలో మరమగ్గాల చప్పుడు. మైకు కూడా ఆమే తెప్పించింది, గుడిలోంచి. పత్రాలు అయిపోయి సర్వసభ్య సమావేశం మొదలుకాగానే ప్లీడరు గారు రాలేదు, తీర్మానం వచ్చే సభకు తోసేద్దాం అన్నాను. టీచరమ్మ ఒప్పుకోలేదు.

“అట్లెట్ల అక్కా? రానాయన కాగితం పడనోళ్ళు సదవల్ల గదా. ఈ సంగతిలో ఆయనతో అందరికన్నా పడంది మీకే.”

సభలో నవ్వులు. తప్పించుకునే దారి లేదు. దేవుణ్ణి తలుచుకుని లేచాను.

వంకర లేకుండా చదివాను. ప్లీడరు గారు కోపంగా రాసి ఉంటారనుకున్నాను. అలా లేదు. సభ ఏ ఊళ్ళో పెట్టినా తిరుపతికే దగ్గర. చిత్తూరు, పలమనేరు, కుప్పం వాళ్ళు చీకటితో బస్సెక్కి వస్తారు. వచ్చేసరికి మొదటి సమావేశం అయిపోతుంది. వాళ్ళ పత్రాలు ఎప్పుడూ భోజనాల తర్వాతే. అప్పటికి సగం మంది ఆవులిస్తుంటారు, మిగతా సగం వెళ్ళిపోయుంటారు. ‘మేము మాట్లాడే వేళకు వినేవాళ్ళు ఉండే ఒక సభ మాకు కావాలి’ అని ముగించారు.

ఆ క్రమం వేసేది సారు. దూరం నుంచి వచ్చేవాళ్ళు కాస్త కుదుటపడాలని అలా వేసేవారు. మంచికే వేశారు. తప్పే వేశారు. అందరి మాటా వినాలన్న మనిషి ఈ ఒక్కటీ ఇన్నేళ్ళు వినిపించుకోలేదు. ఆయనుంటే అక్కడే పట్టుకుని అడిగి ఉండేదాన్ని.

తిరుపతి వైపు నుంచి ఒకాయన లేచాడు. “అంత ఇబ్బందైతే ముందు రోజే వచ్చి పడుకోవచ్చు గదా?”

జవాబు నా నోట్లోంచే వచ్చింది. “మీరు ఏనాడైనా ముందురోజు వచ్చి చిత్తూరులో పడుకున్నారా?”

చిత్తూరు వైపు చప్పట్లు. తిరుపతి వాళ్ళు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తీర్మానం నెగ్గేటట్టే ఉంది. నెగ్గించింది నేనే అయ్యేలా ఉంది.

అప్పుడు పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మెల్లగా లేచి అడిగాడు. “అంతా బాగుండాది. రెండు సంఘాలైతే ఇద్దరు కార్యదర్శులు కావల్ల గదా. మన పక్క ఎవరు?”

“ఆ సంగతి ప్లీడరు గారు రాయలేదు.”

“రాయకపోతే ఆయన తరఫున మీరు చెప్పల్ల. అదే గదా పద్ధతి?”

చిత్తూరు వైపు చూశాను. ఒకరు ఫ్యాను చూస్తున్నారు. ఒకరు కండ్లద్దాలు తుడుచుకుంటున్నారు. అంతవరకూ చప్పట్లు కొట్టిన లెక్చరరు ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. సరేనని తిరుపతి వైపు చూశాను. అక్కడా అదే ఫ్యాను.

“ఎవరూ లేరు” అన్నాను. “ప్లీడరు గారి తరఫున కూడా ఇదే నా జవాబు.”

ముందు పలమనేరు పెద్దాయనే నవ్వాడు. ఓటుకు పెడితే నాలుగు చేతులు కూడా లేవలేదు. ప్రేమ కొద్దీ కాదు. మరో కార్యదర్శి దొరక్క మా సంఘం ఒక్కటిగా మిగిలింది.

“ఒక సంఘానికైనా ఒకరు కావల్ల గదా అక్కా” అంది టీచరమ్మ. సభంతా నా వైపు తిరిగింది. ఎన్నో ఏళ్ళుగా ఈ పని నుంచి నన్ను వదలమని సారును అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. ఈ మనుషులున్నారు. తగువుపడతారు, అలుగుతారు, ఒక రాయి మీది నాలుగు అక్షరాల కోసం చీకటితో బస్సెక్కుతారు. వీళ్ళను వదిలి నా పూజగదిలో నేను ప్రశాంతంగా కూర్చోగలనా అని నన్నే అడిగి చూసుకున్నాను.

“ఇకమీదట పొద్దున మొదటి సమావేశం తిరుపతి వాళ్ళది కాదు” అన్నాను. “చిత్తూరు బస్సు వచ్చేదాకా సభ మొదలుకాదు. దానికి ఒప్పుకుంటే ఉంటాను.”

తిరుపతి వాళ్ళు గొణిగారు. ఒప్పుకున్నారు.

సభ ముగిసి బయటికి వస్తే, ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద ప్లీడరు గారు కూర్చుని ఉన్నారు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారట. గడప దాటి లోపలికి రావడానికి మనసు రాలేదట.

“ఏమైందక్కా?”

“ఓడిపోయినారు.”

“మీరు సరిగ్గా సదివుండరు.”

“చప్పట్లు కొట్టినారు.”

“మరెట్ల ఓడిపోయినా?”

చెప్పాను. కార్యదర్శి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన గ్లాసులోకి చూశారు. “అది నేను ఆలోసించలే” అన్నారు. గ్లాసు బెంచీ మీద పెట్టి, “సారు ముందే ఆలోసించుంటాడు. అందుకే సరే అన్నాడు” అన్నారు. కండ్లు తుడుచుకున్నారు. ఆ మాట నిజమో కాదో మాకిద్దరికీ ఇక తెలియదు.

సాయంత్రం నగరి బస్టాండులో తిరుపతి బస్సూ చిత్తూరు బస్సూ పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. నా పక్క సీట్లో ప్రొఫెసరు గారు. కిటికీ కింద ప్లీడరు గారు, కార్వేటినగరం దగ్గర కొత్తగా బయటపడ్డ ఒక రాయి గురించి పైకి చూస్తూ వాదిస్తున్నారు. అది చోళుల నాటిదని ఈయన. కాదని ఆయన. మా బస్సు కదిలింది. ప్లీడరు గారు కిటికీ ఊచ పట్టుకుని మాట్లాడుతూనే పక్కన నడిచారు. వెనక చిత్తూరు బస్సు కండక్టరు ఈల వేస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. ఆయన వెనక్కి తిరగలేదు.