పోచమ్మ చుట్టూ నాలుగు చక్రాల బండి

“షాకబ్జర్లు మార్చకుంటే గీ బండి నిలవడదే అమ్మా! పట్నంల కొత్తయి దొర్కుతయ్. ఎన్నిసార్లు జెప్పాలె?”

“ఉన్నయి పీకి పారేసి కొత్తయి తొడగనీకి గదేమన్న పెండ్లికొడుకా? ఉన్నయే మంచిగ జేస్కో. లేకుంటే అమ్మెయ్.”

“అమ్ముతే ఎవ్వడు గొంటడు? తిరగబడే బండని శామీర్‌పేట మొత్తం ఎరుకైపాయె!”

“ఎరుకజేసింది నువ్వే గద! తోట ఆసామి పెండ్లాన్నే దీస్కపోయి బురదల పండవెడితివి!”

ఇది నాకూ మా కొడుక్కూ మధ్య, రావల్కోల్‌లో మా ఇంటి వాకిట్లో, ఇరవై ఏళ్ల కిందట ఒక ఎండాకాలం పొద్దున జరిగిన జగడం. మొన్న ఆదివారం మనవరాలు నన్ను కారులో శామీర్‌పేట వైపు తిప్పుకొస్తానని తీసుకుపోయి, దారిలో ఒక చోట ఆపింది. అక్కడ నాలుగు లావు చక్రాల మోటారు బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, పిల్లలు వాటిమీద ఎర్రమట్టిలో గిరగిరా తిరుగుతున్నారు. ఆ చప్పుడు చెవిన పడగానే ఈ జగడం మాటకు మాట గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకున్నాను. ఏంది అవ్వా అని మనవరాలు అడిగింది గానీ, కారులో కూర్చుని చెప్పేటంత చిన్న సంగతా అది? మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అయినా కూడబలుక్కుని రాస్తున్నాను. నా ఈడు వాళ్లకైతే సగం చెబితే మిగతా సగం వాళ్లకే తెలుస్తుంది.

మీకు గుర్తుండే ఉంటుంది, మేడ్చల్ దాటితే అప్పట్లో ద్రాక్ష తోటలుండేవి. తీగలు ఎండిపోయిన కొద్దీ వాటి జాగాలో ఫ్యాక్టరీలు లేచాయి, మా కొడుకు అటువంటి ఒకదాంట్లో మిషన్ల దగ్గర పనిచేసేవాడు. అది మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బుతో బర్రెలు కొనమని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వాడు మాత్రం పట్నంలో ఎవరో మోజుపడి తెప్పించుకుని, మోజు తీరాక మూలన పడేసిన ఎర్రటి నాలుగు చక్రాల బండిని లారీలో వేసుకొచ్చి వాకిట్లో దించాడు. అది పందేల కోసం చేసిన బండట. ఒక్కడే కూర్చునేటంత సన్నటి సీటు, పొడుగాటి స్ప్రింగులు, కదిలితే ఎగిరెగిరి పడటం. దాన్ని చూసి మా కోడలు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వితే, నేను వారం పాటు కొడుకుతో మాట్లాడలేదు. మాట్లాడలేదే గానీ అన్నం మాత్రం వేళకు పెట్టాను.

ఆ రోజుల్లో కొంపల్లి, పేట్ బషీరాబాద్ పక్క కొత్త కాలనీలు పడుతున్నాయి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు ఆదివారం వస్తే చాలు, భార్యాపిల్లలతో శామీర్‌పేట దారి పట్టేవారు. వాళ్లలో ఒకాయన అక్కడొక మామిడితోట కొని, చెట్ల కింద బల్లలు వేయించి భోజనాలు పెట్టేవాడు. ఆయన్నే మేము ఆసామి అనేవాళ్లం. ఆయన తోట వెనక ఖాళీ జాగాలో బండి తిప్పుకోనిచ్చాడు. ఆ జాగా మధ్యలో వేపచెట్టు కింద పోచమ్మ ఉండేది, పసుపు రాసిన రాయీ, చిన్న అరుగూ. మా కొడుకు, మూలనున్న పాత బావిని తప్పించుకుంటూ, పోచమ్మ చుట్టూ బాట గీశాడు. గుడి చుట్టూ తిరిగినట్టే, అమ్మ కుడిచేతి పక్కకు వచ్చేలా బండి తిరగాలని చెప్పింది నేనే. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం.

మొగపిల్లలు ఒక్కొక్కరే ఎక్కినప్పుడు బండి ఊగేదే తప్ప పడేది కాదు. కానీ వచ్చే వాళ్లంతా జంటలు, భార్య వెనక కూర్చోవాలి కదా! అందుకని వాడు కుషన్ల దుకాణంలో సీటు పొడిగించి, పైన జానెడు స్పాంజీ వేయించాడు. రెండుసార్లు బండి మెల్లగా పక్కకు ఒరిగింది, ఎక్కినవాళ్లు నవ్వుకుంటూ లేచారు. మూడోసారి ఒరిగింది ఆసామి భార్యతో. ఆమె పట్టుచీర కట్టుకుని భర్త వెనక ఎక్కింది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన మలుపులో బండి ఒరిగి, భార్యాభర్తలిద్దరినీ బురదలో దించింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ ఆ చీర నా కళ్లముందు ఇప్పటికీ ఉంది.

ఆసామి మర్యాదస్తుడు. అరవలేదు, అరిచినా బాగుండేది. “చూడండమ్మా, మా ఆవిడకేం కాలేదు కాబట్టి సరిపోయింది,” అన్నాడు. “వచ్చే ఆదివారం మా ఆఫీసు వాళ్లంతా కుటుంబాలతో వస్తున్నారు. ఆ రోజు ఏ ఒక్కరు పడినా ఇక మీ బండి నా తోటలో ఉండటానికి వీల్లేదు.”

ఆ బండి తప్ప వాడికి వేరే బతుకుదెరువు లేదు. ఇంకో జాగాలో తిప్పుదామంటే వచ్చిపోయే జనం ఉన్నది ఆ తోటలోనే. అందుకే మొదట రాసిన జగడం. చివరికి నా మాటే నెగ్గింది, కొత్త సామాను కొనకుండా బాగుచేసుకుందామని.

మేడ్చల్‌లో బస్సు డిపో దాటాక లేత్ మిషన్ నడిపే సాయబు ఒకాయన ఉండేవాడు, మేము లేత్ భాయ్ అని పిలిచేవాళ్లం. బండిని ట్రాలీలో ఆయన దగ్గరికి తీసుకుపోయాం, నేను కూడా ఎక్కి కూర్చున్నాను, లేకపోతే కొడుకు అక్కడినుంచి అటే పట్నం పోయి కొత్త సామాను తెస్తాడేమోనని. భాయ్ బండి చుట్టూ తిరిగి చూసి, “అమ్మా, ఫికర్ నక్కో, భయపడకు. గిది పహిల్వాన్ లెక్క నిలవడాలె, గని మీ కొడుకు దీన్ని ఒంటెను జేసిండు,” అన్నాడు.

“ఒంటెకు నాలుగు కాళ్లే గద భాయ్, అది పడ్తదా?” అన్నాడు మా వాడు మూతి ముడుచుకుని.

“ఒంటె నెత్తి మీద ఇద్దరిని కూసోవెట్టి ఉరికియ్యి బేటా, అప్పుడు జూద్దం!”

ఆయన పాత ఇనుము ముక్క నుంచి మందపాటి బిళ్లలు కోసి, పొడుగు బోల్టులతో వెనక చక్రాలకు లోపలి పక్క బిగించాడు. చక్రాలు రెండూ బయటికి జరిగి బండి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టయింది. స్ప్రింగుల మీద తిప్పితే ఎక్కీ దిగే రింగులున్నాయి. ముందు రెండిట్లో ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే, రెంటినీ సమానం చేసి, అన్నిటినీ కొంచెం సడలించి బండిని కిందికి దించాడు. చక్రాల్లో సైకిలుకు కొట్టినట్టు గట్టిగా కొట్టిన గాలిని సగం తీసేశాడు. ఖర్చులేని పని కదా, అది నాకు అన్నిటికన్నా నచ్చింది. ముందు చక్రాలు రెండూ ఒకే దిక్కు చూస్తున్నాయో లేదో కొలవడానికి దారం కావాలంటే, పూలు కట్టే దారపుండ నా సంచిలోనే ఉంది. ఒకటి పక్కకు చూస్తోందని తేలింది, దాన్ని సరిచేశాడు. సీటు మీది స్పాంజీ నేనే విప్పించాను. సగం ఉంచి మిగతా సగం ఇంటికి తెచ్చి తలగడ కుట్టాను. ఆ తలగడ మీద మా కోడలు చాలా ఏళ్లు పడుకుంది, మెడ నొప్పి ఎప్పుడూ అనలేదు.

బండి బాగుపడింది. మా కొడుకు ఒక్కడే ఎక్కి ఎంత జోరుగా తిప్పినా నేలకు అతుక్కుని పోయింది. సంబరపడ్డాం. ఇక వెనక ఆడమనిషి కూర్చుంటే ఎట్లా ఉంటుందో చూడాలి. కోడలు ఎక్కుతానంది గానీ, విరిగితే నా ఎముకలే విరగనీ అని నేనే చీర బిగించి, కాళ్లు ఎడమ పక్కకు వేలాడేసి కూర్చున్నాను. అరుగు దగ్గరి మలుపులో కుడి పక్క చక్రాలు మళ్లీ లేచాయి. నేను వాడి కాలరు పట్టుకుని పెట్టిన కేక తోటలో భోజనాలు వడ్డించే వాళ్లకు కూడా వినపడిందట.

దిగాక కొడుకు తల పట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పాను కదే, షాకబ్జర్లు మార్చాలని, అని మళ్లీ మొదలుపెట్టబోయాడు. అప్పుడు మా కోడలు, వేపచెట్టుకు ఆనుకుని అంతా చూస్తున్నది, మెల్లగా అంది.

“అత్తమ్మా, మీరు కాళ్లు ఏసిన దిక్కే ఒరుగుతాంది. బాయి కాడి మలుపుల మాత్రం మంచిగ కూసుంటాంది. గా మలుపొక్కటే ఎడమకు తిరుగుతది, తక్కినయన్ని కుడికి తిరుగుతయ్.”

మేము బాట వైపు చూశాం. నిజమే. బండి కుడికి తిరిగినప్పుడల్లా మమ్మల్ని ఎడమకు నెడుతుంది, ఆడవాళ్ల బరువేమో ముందే ఎడమ పక్కన ఉంటుంది. ఇక పడక ఏంచేస్తుంది? కుడిపక్కకు కాళ్లు వేసి కూర్చుంటే సరి కదా అని నేనే ప్రయత్నించాను. ఎవరింటి గోడో ఎక్కి కూర్చున్నట్టనిపించింది, ఏ ఆడదీ ఒప్పుకోదు. మిగిలింది ఒక్కటే దారి, బండి కుడికి కాకుండా ఎడమకు తిరగాలి.

“తిప్పుత తియ్యి, ఇప్పుడే!” అని కొడుకు లేచాడు.

“అమ్మవారి సుట్టు ఎడమకు తిరుగుతవా? శవం సుట్టు తిరిగినట్టు?” నాకు ఒళ్లు మండింది.

“పోచమ్మకు ఏందే కుడీ ఎడమ? ఎవ్వలు పడొద్దనే ఆమె గూడ జూస్తది!”

“ఆమె జూస్తది. బోనాలు దెచ్చే ఊరోళ్లు ఊకుంటరా? నేను ఊకుంటనా?”

అమ్మ చుట్టూ అట్లా తిరగటం నా ప్రాణం పోయినా ఒప్పుకోను. అటు ఆదివారమేమో దగ్గరికొస్తోంది. నేను అరుగు మీద కూర్చుని, పసుపు రాసిన ఆ రాయి వంక చూస్తూ చాలాసేపు ఆలోచించాను. ఆలోచిస్తే తేలింది, తప్పు అమ్మను మధ్యలో పెట్టడమే. మధ్యలో లేకపోతే ఆమె చుట్టూ తిరిగినట్టు కాదు కదా! అరుగుకు పడమటి పక్క రాళ్లూ రప్పలూ నిండిన జాగా ఉంది. ఆసామిని అడిగితే, “చెట్లు లేవు కదా, వాడుకోండి, ఆదివారం మాత్రం గుర్తుంచుకోండి,” అన్నాడు.

ముగ్గురం నడుములు పడిపోయేలా రాళ్లు ఏరాం. లేత్ భాయ్ కూడా ఒక పూట వచ్చి, పలుగుతో పెద్ద బండలు కదిలించి, పైసా తీసుకోకుండా చాయ్ తాగి పోయాడు. మలుపులన్నీ ఎడమకే తిరిగేలా కొడుకు సున్నంతో కోడిగుడ్డు ఆకారంలో కొత్త బాట గీశాడు. అమ్మ ఇప్పుడు బాట బయట, మొదలుపెట్టే చోట ఉంది. ఎక్కే ముందు దండం పెట్టుకోవచ్చు, తర్వాత ఎటు తిరిగినా ఆమెకు పట్టింపు లేదు. మొదటి చుట్టు నేనే ఎక్కాను. “ఏందిరా ఎడ్లబండి లెక్క, జోరుగ కొట్టు!” అని అరిచింది కూడా నేనే. అన్ని మలుపుల్లోనూ బండి నేలను వదల్లేదు.

ఆదివారం ఆఫీసు జనం వచ్చారు. జరీచీరలు, మల్లెపూలు, నల్ల కళ్లద్దాలు. ఒక్కో జంట ఎక్కుతుంటే మా కోడలు వెనక కూర్చున్న ఆవిడ చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా దోపి, “సక్కగ కూసోండ్రి అక్కా, ఏంగాదు,” అని పంపేది. నేను అరుగు మీద కూర్చుని ప్రతి మలుపుకూ ఊపిరి బిగబట్టాను. ఒక్కరూ పడలేదు. బాగా లావుగా ఉన్న ఒక జంట ఎక్కినప్పుడు మాత్రం కొడుకు నావైపు చూశాడు, నేను అమ్మవైపు చూశాను. వాళ్లు కూడా నవ్వుతూనే దిగారు. ఆసామి భార్య మాత్రం దూరంగా కుర్చీలో కూర్చుని చూసిందే తప్ప దగ్గరికి రాలేదు. పొద్దుగుంకాక ఆసామి అవునని గానీ కాదని గానీ అనకుండా, అందరినీ కార్లెక్కించి తనూ వెళ్లిపోయాడు. ముగ్గురం ఏమీ తోచక బండికి తాటిపత్రి కప్పి ఇంటికొచ్చాం.

ఇప్పుడు అటువంటి చోటికి వెళితే, ఎక్కే ముందే తలకు టోపీ తొడుగుతారు, నడుముకు పటకా బిగిస్తారు, పడితే మా పూచీ లేదని సంతకం పెట్టించుకుంటారు. మంచిదే, పిల్లలు క్షేమంగా ఉంటారు. బండి పాడైతే విప్పి చూసేవాళ్లే కనబడరు, కొత్తది వస్తుంది. ఒక్క బండి కోసం ఇంటిల్లిపాదీ కొట్లాడుకుని, దాన్ని విప్పి, బిగించి, దాని వెనక తామే ఎక్కి కూర్చునే రోజులు పోయాయి. ఆ జగడాల్లో మేము ఒకరినొకరం ఎంత ఎరిగి ఉండేవాళ్లమో, ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్న ఇళ్లు చూసినప్పుడు తెలుస్తుంది.

ఆ ఆదివారం గడిచిన మర్నాడు పొద్దున మేము తోటకు వెళ్లేసరికి, ఆసామి భార్య పంజాబీ డ్రెస్సు వేసుకుని బండి పక్కన నిలబడి ఉంది. బండి ఇక్కడే ఉంచుకోమని ఆయన చెప్పమన్నారంది. తర్వాత మా కోడల్ని వెనక కూర్చోబెట్టుకుని, తనే నడుపుతూ రెండు చుట్లు తిరిగొచ్చింది.