మోకాలెత్తు కిటికీ

చుట్టూ ఫ్యాక్టరీలున్న బీర్‌గావ్‌లో మా అంగన్‌వాడీని డబ్బు తీసుకోకుండా కట్టించి ఇవ్వడానికి వచ్చింది ఓ ఆర్కిటెక్టమ్మాయి. ఏ గోడ దగ్గరైనా ముందు గొంతుక్కూచుని చూసేది. "పిల్లలకి ఇక్కణ్ణించే కదా అక్కా కనిపించేది," అనేది టీచర్నైన నాతో. అలా చూసి చూసి మోకాలెత్తులో పెద్ద కిటికీ పెట్టించింది.

పిల్లలకి అదంటే ప్రాణం. కానీ ఫ్యాక్టరీల నల్లదుమ్ము అందులోంచే వాళ్ల కంచాల్లో పడేది. తుడవలేక నా చేతులు పడిపోయేవి. సన్నకన్నాల జాలీ కొట్టించినా ఆగలేదు, పిల్లలకి ఒకటే దగ్గు. "కిటికీ బంద్ చేయించండి దీదీ," అని తల్లులు ఆమెనే బతిమాలారు.

ఆమే వెళ్లి మేస్త్రీని పిలిచింది. అతను ఇటుకలు పేరుస్తుంటే ఎదురుగా గొంతుక్కూచుంది. ఆఖరి ఇటుక పెట్టి అతను వెళ్లిపోయినా లేవలేదు.

"ఇంక లేమ్మా," అన్నాను.

"ఇక్కణ్ణించి ఇప్పుడేం కనిపిస్తుందో చూస్తున్నా అక్కా," అంది.