తలుపు కనిపిస్తే ఆగే బావ

మా బావ తలుపు కనిపిస్తే ఆగకుండా ముందుకు పోలేడు. అక్క మొగుడు, వడ్రంగి. ఎవరిల్లయినా సరే, ముందు రెక్క ఊపి చూస్తాడు, మడతబందు దగ్గర చెవి పెడతాడు, జేబులోంచి నూనెబుడ్డి తీసి ఓ చుక్క వేస్తాడు. ఇంట్లోవాళ్ల క్షేమసమాచారాలు ఆ తరవాతే. మా ఇంటికి మొదటిసారి వచ్చిననాడు అక్కకన్నా వీధితలుపునే ఎక్కువసేపు చూశాడని ఇప్పటికీ చెప్పుకుంటాం.

నా ఊపిరితిత్తుల సంగతి తేలిన రోజున కూడా అంతే.

"ఇది పూర్తిగా నయమయ్యేది కాదండీ. మందు పీల్చుకుంటూ, రోజూ నడుస్తూ, దీంతోనే బతకడం నేర్చుకోవాలి," అంటోంది డాక్టరమ్మ.

వెనకనుంచి కిర్రు... కిర్రు.

"ఆయనెవరండీ?"

"మా బావ," అనక తప్పలేదు.

"అమ్మా, మీ తలుపుకి పై బందు వదులైంది," అన్నాడు బావ.

ఇంటికొచ్చాక నేను మేడ దిగడం మానేశాను. ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కుతుంటే ఛాతీలోంచి పిల్లికూతలు. అవి విని ఇరుగుపొరుగు తలుపులు తీసి జాలిగా చూస్తారని భయం. నిన్నమొన్నటిదాకా అందరినీ వేళాకోళం చేసినవాణ్ణి, జాలి ఎలా పుచ్చుకోవాలో నాకేం తెలుసు?

బావ ఊరుకుంటాడా? సాయంత్రమయ్యేసరికి వచ్చి నడకకి లాక్కుపోయేవాడు. తిరిగి ఎక్కేటప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి తలుపు తట్టి చూసేవాడు. లోపలివాళ్లు తీసేవారు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దమ్మా, తలుపు చూస్తున్నా."

నేను గోడకి ఆనుకుని సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

"బావా, పరువు తీస్తున్నావు!"

"నీ జేబులో పీల్చే మందుంది, నా జేబులో నూనెబుడ్డుంది. కూత పెట్టేదానికి ఓ చుక్క వేస్తే పోయే పరువేంటోయ్ బావమరిదీ?"

నిన్న మెట్ల మలుపులో నాకు ఊపిరందలేదు. అక్కడ తలుపే లేదు, ఉత్త గోడ. అయినా బావ ఆగాడు. వేళ్లతో తట్టి, చెవి ఆనించాడు.

"అక్కడ... తలుపేది... బావా?"

"లేదు. పెడితే ఎలా ఉంటుందా అని."

చాలాసేపు అలాగే ఉన్నాడు. చెవి గోడకే, చూపు మాత్రం నా ఛాతీ మీద. అది ఎగిసిపడటం తగ్గాక తీర్పు చెప్పాడు.

"అబ్బే, కుదరదు. పద."

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్లూ తలుపులు తీసినవాళ్లంతా చూసింది బావ పిచ్చిని. నా ఆయాసం ఒక్కరి కంటా పడలేదు.

పై మలుపులో మళ్లీ గోడే. ఈసారి నేనే ఆగాను.

"బావా, దీని సంగతి కూడా ఓసారి చూడు. తొందరేం లేదు."