అచ్చులో మిగిల్చిన కొసలు

ఉప్పల్ చౌరస్తా నుంచి నాలుగు దిక్కులకూ బస్సులున్నాయి. వరంగల్ దారిన వచ్చిన సత్తమ్మ మాత్రం మళ్లీ ఆ దారి పట్టలేదు. నాచారంలో ప్లాస్టిక్ సంచుల కంపెనీలో కుదిరిన కొడుకు కనకరాజు, 2003లో తల్లినీ ఆమె మగ్గాన్నీ ఒకే డీసీఎం వ్యానులో వేసుకొచ్చాడు. మగ్గం అద్దె ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలబడింది.

ఇంటి యజమానురాలు త్రిపురసుందరిది కాకినాడ. "ఏమిటండీ సత్తమ్మగారూ, పొద్దున్నే ఆ టకటకలు! మా ఆయన జపం చెడుతోంది" అనేది.

"నేను గుడ జపమే జేస్తున్ననమ్మా. మీ ఆయన నోటితోని, నేను కాళ్లతోని!"

రెండేళ్లకు నూలిచ్చే సావుకారు నేయించడం మానేశాడు. మగ్గం ఆగింది. సత్తమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. ఆమె కోరిక ఇక ఒక్కటే: పోయాక తన మీద కప్పే తెల్లబట్ట తానే నెయ్యాలి. అత్త అట్లాగే పోయింది, అత్తకు అత్తా అంతే. "దుకాణపు బట్టల సుట్టి పంపకుండ్రి నన్ను" అనేది. ఊరి నుంచి నూలు తేవడానికి కొడుక్కి సెలవు దొరికేది కాదు.

కాశీ నుంచి కంచి దాకా ఏ ఊరికి పోయినా నేతవాళ్లది ఒకటే పద్ధతి. బట్ట కోసేటప్పుడు, దువ్వెనలాంటి అచ్చులో జానెడు దారాల కొసలు మిగులుస్తారు. కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, రాగానే వేళ్లకు బూడిద అద్దుకొని, కొసకు కొస పురిపెట్టి అతుకుతారు. దానికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. ఆ కొసలే పోతే రెండు వేల పైచిలుకు దారాలను ఒక్కొక్కటిగా అచ్చులోకి దూర్చాల్సిందే.

2009 దసరా ముందు కనకరాజు పడుగు తేవడానికి ఊరికి పోయాడు. ఆ సంబరంతో పదహారేళ్ల మనవరాలు రాణి షెడ్డు ఊడ్చింది, బూజు దులిపింది. అచ్చులో దుమ్ముపట్టి వేలాడుతున్న దారాల కుచ్చును కత్తిరించి, లాగి, చెత్తలో పారేసింది.

సాయంత్రం సత్తమ్మ అచ్చు తడిమింది. మళ్లీ తడిమింది.

"కొసలేవే?"

"ఆ మురికి దారాలా నాయినమ్మా? పారేసిన. కొత్తది వస్తుంది గద!"

"కొత్తది దేన్ని వట్టుకుంటది బిడ్డా?" అంది ముసలామె. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది రాణికి.

కనకరాజు పడుగైతే తెచ్చాడు గానీ, ఊళ్లో దారాలు అచ్చుకు ఎక్కించే మొగిలయ్య చనిపోయి ఏడాదైంది. ఇక రాణే కూర్చుంది. రోజూ కాలేజీ నుంచి రాగానే కొక్కెంతో ఒక్కో దారం లాగేది. పక్కన సత్తమ్మ వేళ్లతో తడిమి చూసేది. ఒక్కటి తప్పితే వంద విప్పాలి.

"ఏడ్వకే పిల్లా. యమునికి చెప్పిన, జర ఆగుమని."

యముడు ఆగలేదు. ఎనిమిది వందల దారాలు దాటాక, మాఘంలో జ్వరం వచ్చింది. మూడు రోజులు దవాఖానాలో ఉంది, నాలుగో రోజు లేదు.

కనకరాజు చౌరస్తా దుకాణం నుంచి తెల్లబట్ట తెచ్చాడు. అంచు మీద మిల్లు వాళ్ల నీలం ముద్ర ఉంది. రాణి ముందుకొచ్చి, ఆ ముద్ర ఎవరికీ కనబడకుండా అంచును నాయినమ్మ వీపు కిందికి మడిచింది.